అశ్విని సీటు

తలుపు తెరుచుకుంది, అద్దాలు విప్పుకున్నాయి, తెర మీద ‘నమస్తే అశ్విని’ అని పడింది. అశ్విని కాదు, హేమలతను, అని పైకే అనబోయి ఆమె నోరు మూసుకుంది. కారుతో మాట్లాడే అలవాటు తనది కాదు, చెల్లెలిది. ఫోను చేతిలోనే ఉంది. ఆ ఫోనే తాళం. ఎవరి ఫోను దగ్గరికొస్తే కారు వాళ్ళను గుర్తుపట్టి, వాళ్ళకు తగ్గట్టు సీటూ స్టీరింగూ అద్దాలూ పాటలూ సర్దిపెడుతుంది. ప్రతి గురువారం మధ్యాహ్నం మదనపల్లి నుంచి బస్సులో వచ్చి, పుంగనూరులో ముద్దుకృష్ణ మామ దాణా అంగడి పక్కనున్న ఈ రేకుల షెడ్డులో అడుగుపెట్టేసరికి, పొట్టి మనిషి కాళ్ళకు పెడళ్ళు అందేలా సీటు ముందుకు జరిగి, కొంచెం పైకి లేచి ఎదురుచూస్తూ ఉండేది. ఈరోజు వెనక్కి పోయింది. సన్నగా మూలుగుతూ పోయి పోయి, ఇక పోవడానికి చోటు లేనప్పుడు ఆగింది. ఛార్జింగు వైరు తగిలించే ఉంది. తెర మీద పచ్చగీత సగం కూడా నిండలేదు. అశ్విని ఆలస్యంగా తెచ్చిపెట్టినట్టుంది. ఇంకో గంటైనా ఆగకపోతే మదనపల్లి చేరడం, తెల్లారి గుర్రంకొండ వైపు పాలసెంటర్లన్నీ తిరగడం కుదరదు. బయట మార్చి ఎండ రేకుల మీద చిటపటమంటోంది. హేమలత ఆ సీట్లోనే కూర్చుంది. కాళ్ళు పెడళ్ళకు అందలేదు.

మామ అంగడి గుమ్మంలో నిలబడి తల తువ్వాలు విప్పుతున్నాడు, మళ్ళీ చుట్టుకుంటున్నాడు. ఏనాడైనా ముందు చెంబుతో మజ్జిగ, ఆ తర్వాతే మాట. ఈరోజు మజ్జిగ రాలేదు. “లోపలికి రావద్దులేమ్మా హేమా, సున్నం కొడ్తాండారు. ఆ కార్లోనే సల్లగా కూసో,” అన్నాడు, అంటున్నంతసేపూ దాణా మూటల వైపు చూస్తూ. సున్నం వాసన లేదు. తవుడు వాసన, చెనక్కాయ చెక్క వాసన, ఎక్కడో పశువుల మూత్రం వాసన, అంతే. సున్నం కొడుతుంటే మంచాలు, బిందెలు, దేవుడి పటాలు బయట ఎండలో ఉండాలి కదా. అత్త పోయాక మామ ఆ ఇంటికి సున్నం కొట్టించిందే లేదు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, తన ఆవు తంతుందని కొనేవాడికి తనే చెప్పి బేరం పోగొట్టుకునే మనిషి, ఇప్పుడు ఎవరి కోసం చెబుతున్నాడు? హేమలత తెర వైపు చూసింది. కారు పొరబడలేదు. ఇద్దరూ ఒకేసారి దగ్గరికొస్తే ఓనరమ్మనే ముందు తీసుకుంటుంది మేడం, అని బెంగుళూరు షోరూములో ఆ అమ్మాయి చెప్పింది. ఓనరు అశ్విని. అంటే అశ్విని ఫోను ఇక్కడే ఉంది. ఫోను ఇక్కడుంటే మనిషీ ఇక్కడే ఉంటుంది. షెడ్డుకూ మామ పడుకునే గదికీ మధ్య ఉన్నది ఒకే గోడ, పూత రాలి ఇటుకలు కనిపించే ఈ గోడ, కారు ముక్కుకు బారెడు దూరంలో.

ఆ షోరూము రోజు ఎంత నవ్వారు. నాన్న పొలం కొత్త రోడ్డు కింద పోయాక వచ్చిన దాంతో ఏం చెయ్యాలని రెండు నెలలు ఆలోచించి, చెరొక చిన్న కారు కంటే ఇద్దరికీ కలిపి ఒక మంచి కారు అనుకున్నారు. హేమలత డెయిరీ పని గురువారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా, అశ్విని కుప్పం పక్క పల్లెలో లెక్కల టీచరు, సోమవారం నుంచి ఆమెకు కావాలి. అచ్చంగా అతికినట్టు సరిపోయింది. కాగితాలు అశ్విని పేరు మీద పెట్టమన్నది హేమలతే, నువ్వు గవుర్మెంటు ఉద్యోగివి గదా అని. ఒక్కొక్కరే కూర్చోండి, ఎలా ఉండాలో సర్దుకోండి, తర్వాత సేవ్ చేస్తాను, అంది ఆ అమ్మాయి. హేమలత వంతులో సీటు ముందుకూ పైకీ, ముందుకూ పైకీ పోతుంటే వెనక కూర్చున్న అశ్విని, అక్కా ఇంకొంచెం పోతే బానెట్టు మీద కూర్చుంటావే, అని విరగబడి నవ్వింది. తన వంతు వచ్చినప్పుడు అంత పొడుగు మనిషీ సీటును దగ్గరికి లాక్కుని, నిటారుగా, స్టీరింగును కావలించుకున్నట్టు కూర్చుంది. నాన్న పాత కారులోనూ అంతే. దానికి ఒకటే తాళం, ఎక్కిన ప్రతిసారీ ఒకరినొకరు తిట్టుకుంటూ సీటు సర్దుకోవడమే. కానీ ఆ కారెక్కితే తెలిసేది. అద్దం ఎటు తిరిగి ఉందో చూస్తే తెలిసేది, అశ్విని జడ వేసుకుంటూ దిగిందని, వెనక సీటు మీద ఎవరినో కూర్చోబెట్టి మాటిమాటికీ చూసుకుందని. ఈ కారు అలా కాదు. తలుపు తీసేలోపే అవతలి మనిషి ఆనవాలు తుడిచేసి నీది నీకు పెట్టేస్తుంది. తొమ్మిది నెలలుగా ఒకే కారులో తిరుగుతూ ఒకరి మొహం ఒకరు చూడకుండా బతకగలిగారంటే దానివల్లే. తాళం చేతికివ్వడానికైనా ఎదురుపడాల్సిన పని లేదు.

మరి నిటారుగా, దగ్గరగా కూర్చునే అశ్విని సీటు ఇంత వెనక్కి ఎందుకు పోయింది? స్టీరింగు కూడా పైకి లేచి ఉంది. నడుము దగ్గర చిన్న మెత్త కట్టి ఉంది, పూలగుడ్డతో కుట్టిన మెత్త, చేతికుట్టు. వెన్ను నొప్పేమో. టీచర్లకు నిలబడి నిలబడి వస్తుంది. వెన్ను నొప్పైతే స్టీరింగు పైకెత్తుకోవడం దేనికి? హేమలత తన పొట్టకూ స్టీరింగుకూ మధ్య చెయ్యి పెట్టి చూసింది. జాన, ఇంకో జాన. చెయ్యి ఆ ఖాళీలో అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది. కీర్తన కడుపులో ఉన్నప్పుడు స్కూటరు సీటు చివరికి జరిగి, చేతులు బారచాపి హ్యాండిలు పట్టుకుని పెద్దతిప్పసముద్రం దాకా పోయేది తను. డెయిరీలో అందరూ తిట్టేవారు. ఇది ఆ ఖాళీయే. ఒక బిడ్డ పట్టేంత ఖాళీ. ఎన్నో నెల? ఈ ఖాళీని బట్టి చూస్తే ఆరు దాటి ఉండాలి. ఆరు నెలలు దాటిందంటే ఎవరికీ చెప్పలేదు. తనకు చెప్పలేదంటే సరే, ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, చెప్పి ఉంటే ఎవరో ఒకరి నోటి నుంచి మదనపల్లికి చేరకుండా ఉంటుందా. చెప్పదు. మొదటిసారి రెండో నెలకే అందరికీ స్వీట్లు పంచింది. మూడో నెల దాటకుండానే పోయింది. రెండోసారి అయిదో నెల. అప్పుడు కుప్పం ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నది హేమలతే. అశ్విని ఏడవలేదు. కిటికీ బయట రైలు పోతుంటే ఆ పెట్టెలు లెక్కపెట్టింది, తప్పిపోతే మళ్ళీ మొదటి నుంచి, పోయిన రైలు పెట్టెల్ని కూడా.

ఆ తర్వాతే కీర్తనను తీసుకుపోయింది. ఇచ్చారని కాదు, అడిగిందనీ కాదు. తెల్లారకముందే పాలసెంటర్లకు పోవాల్సిన ఉద్యోగం హేమలతది, మొగుడు లోకనాథ్ టమాటా లోడ్లు వేసుకుని వారాల తరబడి చెన్నై దారిలో ఉండేవాడు. పిల్లకు రెండేళ్ళు. కొన్నాళ్ళు నా దగ్గర ఉంటాది లేక్కా, అంది అశ్విని. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళని ఎవరూ అనుకోలేదు. నెల నెలా పోయినప్పుడల్లా పిల్ల కొంచెం పొడుగయ్యేది, అరవం, కన్నడం కలిసిన కుప్పం మాటలు పలికేది, హేమలతను చూసి ‘మదనపల్లమ్మొచ్చె’ అని గేటు దగ్గరే అరిచేది. మదనపల్లమ్మ. అమ్మ అంటే అశ్విని. అది హేమలతకు ముల్లులా గుచ్చుకుందా? గుచ్చుకుంది, కానీ ఓర్చుకోగలిగింది. చెల్లెలి మొహంలో రక్తం తిరిగింది, ఆమె మొగుడు ప్రవీణ్ ఇంట్లో ఉంటే ఉయ్యాల చప్పుడు వినిపించేది, ఆ ఇంటికి అది చాలు అనుకునేది. ఒక్కోసారి బస్సులో తిరిగొస్తూ, దగ్గర పిల్ల లేనందుకు దిగులుతో పాటు ఒళ్ళు తేలికగా కూడా ఉండేది, ఆ తేలిక తనకు ఇష్టమైందని ఎవరికీ చెప్పుకోలేదు.

చెవులు కుట్టించారు. అంతే. పోయిన ఏడాది బళ్ళు తెరిచే ముందు పోయేసరికి కీర్తన పరిగెత్తుకుంటూ వచ్చి తల ఇటూ అటూ తిప్పి చూపించింది, మెంతిగింజంత బంగారం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, బెల్లం పెట్టి, అందరినీ పిలిచి చెయ్యాల్సింది. దానికి మేనమామ యాడుండాడక్కా, పిల్ల అడిగింది, కుట్టిచ్చినా, అంది అశ్విని వంటింట్లోంచి, ఉప్పు తెచ్చినా అన్నంత మామూలుగా. హేమలతకు అప్పుడు ఏమైందో ఇప్పటికీ తెలియదు. నన్ను అడగాలని తోచలేదంటే, అడగాల్సిన మనిషి లెక్కలో నేను లేననే కదా. పెద్ద మాటలే పడ్డాయి. నీకు బిడ్డ నిలవకపోతే నా బిడ్డను తీసుకుంటావా, అని తన నోటి నుంచే వచ్చింది. కన్నంత మాత్రాన సరిపోతాదా, మూడేళ్ళు జ్వరం వస్తే మేలుకున్నది ఎవురు, అని అశ్విని. రెండూ నిజాలే. పిల్లను ఎత్తుకుని కారులో వేసుకుని వచ్చేసింది, ఈ కారులోనే. కీర్తన పలమనేరు దాకా ఏడ్చి, పడుకుంది. అద్దంలో చివరగా కనిపించింది అశ్విని, గేటు దగ్గర, పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని.

ఆ రోజు దారి పొడుగునా హేమలత ఒకటే భయపడింది, కారు ఆగిపోతుందేమోనని. ఓనరు అశ్విని. తన ఫోనులో హేమలత పేరు మీద వేలు పెట్టి తీసెయ్ అంటే చాలు, మరుక్షణం ఈ కారుకు హేమలత ఎవరో తెలియదు. ఎక్కడ పోతోందో కూడా ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఆగలేదు. తర్వాతి సోమవారం కారు ఈ షెడ్డులో పెట్టి వచ్చింది. ఇక మనకు లేదనుకుంది. గురువారం ఊరికే, చూద్దామని వచ్చింది. కారు ఉంది, తలుపు తెరుచుకుంది, ‘నమస్తే హేమలత’ అంది. ఆ వారమూ, ఆ తర్వాతి వారమూ. ప్రతి గురువారం తలుపు పిడి మీద చెయ్యి వేసి, ఈసారి తెరుచుకోదేమో అనుకుంటుంది, తెరుచుకుంటుంది. ఎందుకు తీసెయ్యలేదు? మాట మాట్లాడదు, ఫోను ఎత్తదు, కీర్తన పుట్టినరోజుకు బట్టలు మామతో పంపింది కానీ తను రాలేదు. తాళం మాత్రం తీసెయ్యలేదు. సగం డబ్బు అక్కది కాబట్టి, లెక్కల టీచరు కాబట్టి, అనుకుని ఊరుకుంది హేమలత. ఇంకోలా అనుకుంటే తనేదో చెయ్యాల్సి వస్తుంది.

గోడ అవతల ఏదో కదిలింది. నులకమంచం కిర్రుమన్నట్టు. హేమలత అటు చెవి పెట్టి వింది. అశ్వినికి తెలుసా తను ఇక్కడున్నట్టు? తెలుస్తుంది, తలుపు తెరిచినట్టు ఫోనులో చూపిస్తుంది. అంటే ఇద్దరూ కూర్చున్నారు గోడకు చెరొక వైపు, ముందు ఎవరు పోతారా అని. తను కారు తీసుకుని పోతే అశ్విని లేచి బస్టాండుకు నడుస్తుంది. పలమనేరులో దిగి మళ్ళీ కుప్పం బస్సు ఎక్కాలి. సీటు దొరకదు, దొరికితే వెనక చక్రం మీది సీటు. ఆ కడుపుతో. ప్రతి గురువారం ఇలాగే పోయిందా? తెర మీద కింద మూలన అశ్విని ఈమధ్య పోయిన చోట్లన్నీ ఉంటాయి, వేలు పెడితే ఏ ఆసుపత్రికి, ఎన్నిసార్లు, అన్నీ తెలుస్తాయి. హేమలత వేలు అక్కడిదాకా పోయి వెనక్కి వచ్చింది. కూర్చున్నది ఆమె సీట్లో, ఆమె పేరుతో, అది చాలదా. ఛార్జింగు తొందరగా ఎక్కుతుందని ఏసీ కట్టేసింది కాబట్టి చెమట మెడ మీంచి వీపులోకి కారుతోంది. లేచి పోవచ్చు. లోపలికి పోవచ్చు. పోతే మొదటి మాట ఏమిటి? ఎన్నో నెల అని అడగాలా? కీర్తన ఇప్పటికీ నీ పేరు చెప్పి అన్నం మానేస్తాది అని చెప్పాలా? అది చెబితే అశ్వినికి సంతోషమా, గాయమా? క్షమించు అంటే, దేనికి అంటుంది. దేనికని చెప్పాలి? పిల్లను తెచ్చుకున్నందుకైతే కాదు, ఆ మాట అన్నందుకు. ఆ మాటకు క్షమాపణ ఉంటుందా?

అప్పుడు ఏసీ దానంతట అదే వేసుకుంది.

ముందు గుర్రుమని చప్పుడు, తర్వాత మొహానికి చల్లగాలి. హేమలత చేతులు ఒళ్ళో ఉన్నాయి, దేన్నీ ముట్టుకోలేదు. తెర మీద ‘ఫోను నుంచి ఆన్ చేశారు’ అని చిన్న అక్షరాలు. చల్లగాలి పెరిగింది, ఇంకొంచెం పెరిగింది. గోడ అవతల మంచం మీద పడుకుని, అక్క ఎండకు ఉడికిపోతోందని, ఫోనులో వేలు కదుపుతోంది. లేదా, తొందరగా నిండితే తొందరగా పోతుందనేమో? కాదు, ఏసీ వేస్తే ఛార్జింగు ఇంకా నెమ్మదవుతుంది, అది లెక్కల టీచరుకు తెలియదా. హేమలత కాసేపు ఆ గాలికి అలాగే కూర్చుంది, కళ్ళు మంటగా ఉంటే కొంగుతో తుడుచుకుంది, వైరు పీకి పక్కన చుట్టి పెట్టింది. అంగడి గుమ్మంలో మామ అడ్డం రాబోయాడు. “సున్నం చూసొస్తా మామా,” అంది. ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకున్నాడు.

అశ్విని గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. లేవడానికి ఒక చెయ్యి మంచం పట్టెకు ఊని, రెండో చెయ్యి కడుపు కింద పెట్టుకుని, మెల్లగా కూర్చుంది. మొహం ఉబ్బింది, కాళ్ళూ ఉబ్బాయి. పైన ఫ్యాను తిరుగుతోంది.

“ఎన్నో నెల?” అంది హేమలత.

“ఏడు పడింది.”

“డాక్టరమ్మ బస్సెక్కొచ్చనిందా?”

“వద్దనింది. ఈపొద్దు కండ్లు తిరిగితే మామ పండుకోమన్యాడు.”

“వద్దంటే మల్ల యాల ఎక్కుతాండావు?”

అశ్విని తలెత్తి చూసింది. “గురువారం నీ రోజు గదా,” అంది.

హేమలతకు ఒక్క దెబ్బ కొట్టాలనిపించింది, చిన్నప్పుడు కొట్టినట్టు, వీపు మీద. మంచం కింద నుంచి చెల్లెలి చెప్పులు తీసి కాళ్ళ ముందు పెట్టింది. “లెయ్. కుప్పంలో దించుతా.” “నీ సెంటర్లు?” “రేపటి సంగతి రేపు.” అశ్విని కదల్లేదు. చాలాసేపు ఆ చెప్పుల వైపే చూసింది, తర్వాత కాళ్ళు దూర్చింది. తెర ఎవరు నడుపుతున్నారని అడిగితే హేమలత తన పేరు నొక్కింది. సీటు ముందుకు వచ్చింది. పచ్చగీత కుప్పం దాకా సరిపోతుంది. పక్కన అశ్విని బెల్టు తీసి పట్టుకుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆగితే, కడుపు కింద నుంచి పెట్టుకో, నడుం ఎముక మీదికి, అని చెప్పింది.

ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలు, పిందెలు ఇంకా చిన్నవి. టమాటా బాక్సుల లారీలు ఒకదాని వెనక ఒకటి. ఏదో ఒకటి అనాలి కాబట్టి హేమలత కీర్తన ముందు పన్ను ఊడిందని చెప్పింది. ఏది, పైదా కిందిదా, అంది అశ్విని. కిందిది. యాడ పారేసింది? మిద్దె మీద. ఊ, అంది అశ్విని, కిటికీ వైపు తిరిగింది, భుజాలు ఒకసారి కదిలాయి. పలమనేరు ఇంకా కొంత దూరం ఉందనగా, “ఆపు,” అంది, “ఆపు ఆపు.” హేమలత పక్కకు లాగి ఆపింది. చిన్నప్పటి నుంచీ అంతే, అశ్వినికి ఏ బండెక్కినా తిప్పుతుంది, తను నడిపితే తప్ప. పుంగనూరు తిరనాళ్ళకు పోయినప్పుడల్లా బస్సు కిటికీ పక్క సీటు ఆమెకే. హేమలత చుట్టూ తిరిగి వచ్చేసరికి తలుపు తీసుకుని, కాళ్ళు మట్టి మీద పెట్టి, కడుపు అడ్డంగా ఉండి వంగలేక వంగుతోంది. హేమలత ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఒక చేత్తో నుదురు పట్టుకుంది, రెండో చేత్తో జడ వెనక్కి తీసింది. నుదురు చల్లగా, చెమటగా ఉంది. అంతా బయటికి వచ్చింది, కొంత హేమలత చీర మీద పడింది. లారీ ఒకటి హారను కొడుతూ పక్క నుంచే పోయింది.

“నాకు ఇంకా కోపంగానే ఉండాది,” అంది అశ్విని, తల వంచుకునే. “నువ్వు ఆ మాటంటివి. అది నేను మర్సిపోలే.”

“మర్సిపోవద్దు. నీళ్ళు తీసుకో, పుక్కిలించు.”

నీళ్ళ సీసా మూత తియ్యడానికి హేమలత చెయ్యి తీయబోయింది. అశ్విని ఆ చేతిని పట్టుకుని మళ్ళీ తన నుదుటికి ఆనించుకుంది.

“వదలొద్దక్కా. ఇంకా వస్తాండాది.”